తండేలు ఎవరి మాట వినాలి?

2025 ఫిబ్రవరిలో మా కాలేజీ ఫెస్ట్. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ చేసిన ఆరుగురి టీమ్‌కి నేను లీడర్ని. అప్పటికి లీడర్ అంటే నాకు తెలిసింది రెండే. అందరికంటే ఎక్కువ కోడింగ్ రావాలి, అందరికంటే గొంతు పెద్దగా ఉండాలి. మొదటిది అంతంతమాత్రం. రెండోది మాత్రం బాగానే వచ్చింది.

ఫెస్ట్‌కి పది రోజుల ముందు సైట్ ఓపెన్ చేశాం. పే బటన్ గబగబా రెండుసార్లు నొక్కితే డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయి. మా టీమ్‌లో ఉన్న ఫస్టియర్ తమ్ముడు ఈ సంగతి శుక్రవారం రాత్రే చూశాడు. ఎవరికీ చెప్పలేదు. తనే కూర్చుని సరిచేసేద్దాం అనుకున్నాడు, అవ్వలేదు. సోమవారం పొద్దున్నకి 43 మందికి డబుల్ పేమెంట్. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్‌పేలో వెనక్కి పంపుతూ వాణ్ణి అడిగాను, శుక్రవారమే ఎందుకు చెప్పలేదురా అని. వాడు ఫోన్ వైపే చూస్తూ, "మొన్న లూప్ తప్పు రాసినప్పుడు అందరి ముందూ అన్నావు కదన్నా..." అని ఆపేశాడు.

నేనేం అన్నానో నాకు గుర్తు కూడా లేదు. వాడికి గుర్తుంది.

ఆ వారంలోనే 'తండేల్' చూశాను. ఈ వ్యాసం అక్కడ మొదలైంది. సినిమాల్లోంచి లీడర్‌షిప్ పాఠాలు అంటే యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి, ఈ సినిమా నుంచి ఐదు పాఠాలు, ఆ హీరో నుంచి ఏడు పాఠాలు అని. వాటితో నా గొడవ ఏంటంటే, అన్నీ హీరో పక్కన నిలబడి చూసినవే. హీరో ధైర్యం, హీరో నిర్ణయం, హీరో స్పీచ్. నేను వేరే ప్రశ్న పెట్టుకుని కొన్ని సినిమాలు మళ్లీ చూశాను. ఈ కథలో పెద్దకుర్చీలో ఉన్న మనిషికి "వద్దు" అనో "ఇక్కడ తప్పు జరుగుతోంది" అనో చెప్పగలిగింది ఎవరు? చెప్పినవాళ్లకి ఏమైంది? ఈ రెండే. చూసిన సినిమాలు కూడా ఈ ప్రశ్నతో చూస్తే కొత్తగా కనబడతాయి, మీరూ ట్రై చెయ్యండి.

ముందు మన జిల్లా సినిమా

'తండేల్' కథ మనకి పేపర్లో వచ్చిన కథే. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలో చేపలవేటకి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం పేరు అప్పుడు దేశమంతా వినబడింది. కరాచీ జైల్లో ఏడాది దాటి ఉన్నారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. దాన్ని ఆధారం చేసుకుని చందూ మొండేటి తీసిన సినిమాలో నాగచైతన్య రాజు, సాయిపల్లవి సత్య.

తండేలు అంటే పడవకి నాయకుడు. గుజరాత్ తీరంలో వాడే మాట, మనవాళ్లు అక్కడికి వెళ్లి వెళ్లి మన ఊళ్లలోకి తెచ్చుకున్నారు. మనకి ఇంత పొడవు సముద్రం ఉండగా అంత దూరం ఎందుకు వెళ్లడం అని హాస్టల్లో ఒకడు అడిగాడు. పెద్ద బోట్లు ఆగడానికి మన ఒడ్డున సరైన జెట్టీలు లేకపోవడం ఒక కారణం. చిన్న పడవతో దగ్గర్లో పడే చేప ఇల్లు నడపడానికి చాలదు. అందుకని పడమటి తీరంలో జూన్, జులై నెలల వేట నిషేధం అయిపోగానే వేరావల్ వైపు బయల్దేరతారు. సంవత్సరంలో ముప్పావు వంతు అక్కడే. బోటు ఓనరుది. కూలీ మాట్లాడేది, ఊళ్లోంచి మనుషుల్ని తీసుకెళ్లేది, వల ఎక్కడ వెయ్యాలో చెప్పేది తండేలు. అంటే మన భాషలో ఆయనే హెచ్‌ఆర్, ఆయనే ప్రాజెక్ట్ మేనేజర్, తుఫానొస్తే ఆయనే డిజాస్టర్ రికవరీ.

సినిమాలో రాజుకి "వద్దు" చెప్పేది ఒక్కరే, సత్య. ఈసారి వేటకి వెళ్లొద్దు అంటుంది. రాజు వెళ్తాడు. అతని కారణం అతనికుంది, తనని నమ్ముకుని వచ్చేవాళ్లున్నారు, తండేలు ఒడ్డున కూర్చోకూడదు. థియేటర్లో మనం అతని వైపే ఉంటాం, చప్పట్లు కూడా కొడతాం. కానీ జైలు గోడలు వచ్చాక బయట నుంచి అందర్నీ తీసుకురావడానికి తిరిగింది ఎవరు? ఆ వద్దన్న మనిషే. వద్దన్నవాళ్లు మనకి శత్రువులు కారు, మన గురించి మనకంటే ఎక్కువ ఆలోచించినవాళ్లు అని సినిమా ఎక్కడా చెప్పదు గానీ, కథంతా అదే.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. సినిమా అయ్యాక నాకు రాజు గుర్తున్నాడు, సత్య గుర్తుంది. బోటు ఓనరు గుర్తులేడు. పని చేసే చోటు సురక్షితంగా ఉండాలంటే తండేలు గుండె ధైర్యం ఒక్కటీ సరిపోదు కదా. బోటులో రేడియో పనిచేస్తోందా, సరిహద్దు ఎంత దూరంలో ఉందో చూపించే జీపీఎస్ ఉందా, మనిషి తిరిగి రాకపోతే ఇంటికి నెలనెలా ఎవరు పంపుతారు... ఇవి ఒడ్డున కూర్చున్నవాళ్లు తీసుకోవలసిన నిర్ణయాలు. మన కంపెనీ సినిమాలన్నిటికీ ఈ జబ్బుంది. కష్టం వచ్చినప్పుడు ఒక హీరో కావాలి అని చూపిస్తారు. కష్టం రాకుండా చూసుకున్నవాడి మీద సినిమా ఎవరు తీస్తారు?

మావయ్య చెప్పిన టీ గ్లాసు సంగతి

మా అమ్మమ్మగారి ఊరు సముద్రం ఒడ్డునే. మావయ్య చాలా ఏళ్లు వేరావల్ వెళ్లొచ్చాడు, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. సినిమాకి ఆయన్నీ తీసుకెళ్లాను. బయటికొచ్చాక బజ్జీల బండి దగ్గర అడిగాను, నిజంగా తండేలు అలాగే ఉంటాడా మావయ్యా అని.

"సినిమా బాగుంది గానీరా, అంత బిల్డప్పేటీ ఉండదు" అన్నాడు. కాసేపాగి ఆయనే మొదలెట్టాడు.

"నాను మొదట ఎల్లినపుడు పదారేళ్లు. వంటోడిగా ఎల్లినాను. అందరికన్నా ముందు లెగిసీది వంటోడే కదా. ఓ పొద్దున్న టీ ఎట్టడానికి లెగిసి సూస్తే ఇంజను కాడ నీళ్లు. సెప్పనేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ముందురోజు కూరలో ఉప్పెక్కువైపోనాదని తండేలు పళ్లెం ఇసిరీసినాడు. మళ్లీ ఏటంటాడోనని భయ్యం. తెల్లారేక ఆలే సూసుకున్నారు. రోజంతా బకెట్లతోటి తోడినాం. వలెయ్యనేదు. ఆ రోజు ఏట పోనాది."

నాకు వెంటనే లైబ్రరీ మెట్లు గుర్తొచ్చాయి. మావయ్యకి ఏమీ చెప్పలేదు. ఆయన బజ్జీ తింటూ ఇంకొకటి చెప్పాడు.

"మరసటేడు ఏరే తండేలు కింద ఎల్లినాను. ఆడు పొద్దున్నే టీ గ్లాసట్టుకుని నా కాడికొచ్చి, 'ఏట్రా, ఏటి సూసినావు?' అని అడిగీవోడు. రోజూ. ఏటీ నేకపోయినా అడిగీవోడు. అడుగుతాడని తెలిసి నాను కూడా అన్నీ సూసీవోణ్ణి."

మనం సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సబ్జెక్టులో డైలీ స్టాండప్ మీటింగ్ గురించి ఐదు మార్కుల ప్రశ్న చదువుతాం. అరేబియా సముద్రంలో ఒకాయన టీ గ్లాసుతో చేశాడు. అయితే తేడా ఉంది. మా టీమ్‌లో కూడా రోజూ మీటింగ్ పెట్టేవాణ్ణి. అందులో నేను అడిగేది "ఎంతవరకు వచ్చింది?" అని. దానికి జవాబు ఎప్పుడూ "అయిపోతోందన్నా" అనే వస్తుంది. "ఏం చూశావు?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది. పని ఎంత అయిందని కాదు, నీ కళ్లకి ఏం కనబడిందని అడుగుతున్నాడు. పదహారేళ్ల వంటవాడి కళ్లు కూడా పడవకి పనికొస్తాయని ఆ ప్రశ్నలోనే ఉంది.

కట్టప్ప ఎందుకు చంపాడు

2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా అడిగిన ప్రశ్న. సినిమా చెప్పిన జవాబు తెలిసిందే, శివగామి ఆజ్ఞ. నా జవాబు వేరు. మాహిష్మతిలో "వద్దు" చెప్పడానికి దారి లేదు.

ఒక్కసారి ఆఫీసులా చూడండి. పైన ఉన్నావిడ సమర్థురాలు, న్యాయం తెలిసినావిడ, ప్రజలకి ఆమె మీద గౌరవం ఉంది. చెడ్డ బాస్ కానే కాదు. కానీ ఆమె దగ్గరికి వార్త చేరేది బిజ్జలదేవ, భల్లాలదేవల గుండానే. వాళ్లు అల్లిన కుట్రని నిజమనుకుంది. కట్టప్పకి బాహుబలి మీద నమ్మకం ఉంది, చేస్తున్నది తప్పని తెలుసు, బతిమాలుకున్నాడు కూడా. అయినా వాళ్ల వంశం ఇచ్చిన మాట ప్రకారం సింహాసనానికి బానిస. తప్పు ఆజ్ఞని ఆపే హక్కు అతనికి లేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకి లేదు. అందరికంటే గొప్ప ఉద్యోగిని, అందరికంటే నమ్మకమైన ఉద్యోగి చేత చంపించిన సంస్థ అది. నిజం తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా ఆ రాజ్యం ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

ఇది సినిమా కదా అనొచ్చు. 1986 జనవరి 28న చాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకి పేలిపోయింది, ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రే, రాకెట్ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు వద్దన్నారు. అంత చలిలో బూస్టర్ జాయింట్లలో ఉండే రబ్బరు ఓ-రింగులు సరిగ్గా మూసుకోవని చెప్పారు. పైవాళ్లు ఆ మాటని పక్కనపెట్టి ఓకే చేశారు. ఇంజినీర్లకి తెలుసు, చెప్పారు, అయినా ఆగలేదు. మన తమ్ముడు భయపడి చెప్పలేదు, వాళ్లు చెప్పినా వినలేదు. రెండిటిలో ఏది పెద్ద తప్పో మా రూమ్‌లో ఒక రాత్రంతా వాదించుకున్నాం. ఒకసారి చెప్తే వినని చోట రెండోసారి ఎవరూ చెప్పరు కాబట్టి రెండూ ఒకటే అని మా రూమ్మేట్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు అప్పుడు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తప్పులు ఎక్కువ రాసిన టీమ్

ఇక్కడ సినిమాలోంచి కాసేపు బయటికి వస్తాను. 1990ల్లో ఎమీ ఎడ్మండ్సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆసుపత్రుల్లో నర్సుల టీములు మందులిచ్చేటప్పుడు చేసే తప్పుల మీద పరిశోధన చేసింది. మంచి టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుని మొదలెట్టింది. లెక్క ఉల్టా వచ్చింది. బాగా కలిసి పనిచేసే టీముల్లోనే తప్పులు ఎక్కువ కనబడ్డాయి. తర్వాత తెలిసిందేంటంటే, ఆ టీములు ఎక్కువ తప్పులు చెయ్యడం కాదు, చేసినవి దాచకుండా చెప్పడం. మిగతా చోట్ల తప్పులు జరిగినా కాగితం మీదకి రాలేదు. దీని మీద ఆమె 1999లో రాసిన పేపర్ తర్వాత సైకలాజికల్ సేఫ్టీ అనే మాట కంపెనీల్లో బాగా పాపులర్ అయింది. మన భాషలో చెప్పాలంటే, నోరు విప్పితే పళ్లెం ఎగిరిరాదన్న నమ్మకం.

మా సైట్‌లో ఆ శుక్రవారం దాకా బగ్ రిపోర్టులు సున్నా. అది చూసి నేను చాలా గర్వపడ్డాను కూడా.

తెలుగువాడి ఉదాహరణ ఒకటి మన చేతిలోనే ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. 2016 మార్చిలో ఆ కంపెనీ ట్విట్టర్‌లో టే అనే చాట్‌బాట్‌ని వదిలింది. జనం దానికి బూతులు, జాత్యహంకారం నేర్పించేశారు. ఒక్క రోజులోనే దాన్ని మూసెయ్యాల్సొచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. ఆ టీమ్‌కి నాదెళ్ల పంపిన మెయిల్‌లో తిట్లు లేవు. ముందుకే వెళ్లండి, మీతో నేనున్నాను, దీన్నుంచి నేర్చుకోండి అన్న ధోరణిలో రాశాడు. ఆ మెయిల్ చదివిన ఇంజినీర్ మళ్లీ తప్పు కనబడితే ఎవరికి చెప్తాడో ఆలోచించండి.

పేరు, నంబరు, స్టూలు

'35 చిన్న కథ కాదు' (2024) మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో లెక్కల మాస్టారు చాణక్య వర్మ, ప్రియదర్శి వేశాడు, పిల్లల్ని మార్కులతో పిలుస్తాడు. అరుణ్ పేరు "జీరో" అయిపోతుంది. నిజానికి ఆ అబ్బాయికి ఉన్నది మంచి సందేహం. దేనికీ విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎందుకవుతుంది? అడిగినవాడికి బిరుదు దొరికింది, జవాబు దొరకలేదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన మా సీనియర్ అక్క చెప్పింది, వాళ్ల టీమ్‌లో నెలకి ఎన్ని టికెట్లు మూసేశారో దాన్నిబట్టి స్క్రీన్ మీద ర్యాంకులు పెట్టేవారట. రెండో నెలకల్లా అందరూ తేలిక టికెట్లే తీసుకోవడం మొదలెట్టారు. కష్టమైనవి అలా పడుండిపోయాయి. ఆ సినిమాలో నాకు బాగా నచ్చింది తల్లి సరస్వతి, నివేదా థామస్. తను పది ఫెయిల్. కొడుక్కి నేర్పించడానికి ముందు తనే లెక్కలు మళ్లీ నేర్చుకుంటుంది. ఎక్కడ ఆగిపోయాడో తెలియాలంటే అక్కడిదాకా తనూ దిగాలి కదా.

'కేరాఫ్ కంచరపాలెం' (2018) గురించి తక్కువే చెప్తాను, దాని మీద మన మ్యాగజైన్‌లో ఇంతకుముందే రాశారు. పెళ్లికాని 49 ఏళ్ల అటెండర్ రాజు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ రాధ. అది ప్రేమకథ, నిజమే. కానీ ఆఫీసర్ కుర్చీకి, అటెండర్ స్టూలుకి మధ్య దూరం ఒక మనిషి తలుచుకుంటే ఎంత తగ్గుతుందో కూడా అదే కథ. సినిమా తీసిన పద్ధతి కూడా అలాగే ఉంది. నటుల్లో ఎక్కువమంది ఆ పేట వాళ్లే, ఎప్పుడూ కెమెరా ముందు నిలబడనివాళ్లు. డైరెక్టర్ వెంకటేష్ మహా వాళ్లని భయపెట్టి ఆ నటన రాబట్టాడంటే నేను నమ్మను.

'పలాస 1978' (2020) మాత్రం దీనికి ఎదురు కేసు. కరుణ కుమార్ సినిమా. ఊరి షావుకారు కింద మనుషులు నమ్మకంగా ఉంటారు, వాడుకున్నంత కాలం వాడుకుని వదిలేస్తాడు. దాన్ని రౌడీ సినిమాలా చూసేసి మర్చిపోవచ్చు. పలాస-కాశీబుగ్గ వైపు బంధువులున్నవాళ్లు అలా చూడలేరు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు జీడి రసానికి ఎలా నల్లబడతాయో వాళ్లకి తెలుసు. అక్కడ కులం, అప్పు, ఆకలి మూడూ కలిసి నోరు మూయిస్తాయి. తండేలు టీ గ్లాసు పట్టుకుని వచ్చి అడిగినంత మాత్రాన తెరుచుకునే నోరు కాదు అది. సినిమాల్లోంచి మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లెవరూ ఈ సినిమా జోలికి ఎందుకు రారో నాకు అర్థమైంది. ఇక్కడ లీడర్ మంచివాడైతే చాలదు, అడిగే హక్కు కిందవాళ్ల చేతిలో ఉండాలి. యూనియన్లు, కూలీ చట్టాలు అందుకే వచ్చాయి. దీని గురించి నాకు ఇంకా చదవాల్సింది చాలా ఉంది.

ఈ సంవత్సరం ఫెస్ట్ టీమ్‌లో నన్ను మళ్లీ పెట్టారు. ఎందుకు పెట్టారో నాకే తెలీదు. మొదటి మీటింగ్‌లో ఆ 43 పేమెంట్ల కథ నేనే చెప్పాను, తమ్ముడి పేరు చెప్పలేదు, నా పేరే చెప్పాను. వాడు చివరి బెంచిలో కూర్చుని ఉన్నాడు. రోజూ రాత్రి తొమ్మిదికి గ్రూపులో ఒక మెసేజ్ పెడుతున్నాను, "ఏటి సూసినావు?" అని. మొదటి నాలుగు రోజులు అందరూ నవ్వుతున్న ఎమోజీలే పెట్టారు. ఐదో రోజు రాత్రి పన్నెండు దాటాక వాడి దగ్గర్నుంచి వచ్చింది.

"అన్నా, లాగిన్ పేజీలో నువ్వు రాసిన కోడ్‌లో తప్పుంది. ఇప్పుడు చెప్పనా, రేపు చెప్పనా?"

ఇప్పుడే చెప్పమన్నాను. రెండింటి దాకా కూర్చున్నాం.